సెకండ్ హ్యాండ్ బండి బిల్లు: ఏది పన్ను, ఏది డీలరు సొమ్ము?

ప్రశ్న:

నమస్కారమండి. నేను మొదటిసారి బండి కొంటున్నాను, అదీ సెకండ్ హ్యాండ్‌ది. ఒక డీలరు దగ్గర ఐదేళ్ల నాటి బైకు నచ్చింది. ప్రకటనలో వేసిన ధరకు సరిపడా డబ్బు కూడబెట్టుకుని వెళ్లాను. తీరా కూర్చున్నాక సేల్స్ అతను ఒక కాగితం ప్రింట్ తీసి నా ముందు పెట్టాడు. బండి ధర కింద ఇంకా ఏడు లైన్లున్నాయి: ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ట్రాన్స్‌ఫర్, డాక్యుమెంటేషన్, సర్వీసింగ్ అండ్ ప్రిపరేషన్, ఫ్రైట్ అండ్ హ్యాండ్లింగ్, ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ. అన్నీ కలిపితే ప్రకటనలోని ధర కంటే ఐదో వంతు ఎక్కువ తేలింది. "ఇవన్నీ గవర్నమెంటువే సార్, మా చేతుల్లో ఏమీ లేదు, కావాలంటే ఈఎంఐలో కలిపేస్తాను" అంటున్నాడు. ఇంకెవరో కూడా చూసి వెళ్లారట, రేపటిలోగా అడ్వాన్స్ కట్టమంటున్నాడు. వీటిలో నేను తప్పక కట్టాల్సినవి ఏవి? వద్దనగలిగినవి ఏవి? ఈ గొడవంతా ఎందుకు, నేరుగా ఓనరు దగ్గరే కొనుక్కోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

ముందు ఒక్క పని చేయండి. రేపు అడ్వాన్స్ కట్టకండి. ఈ జవాబు మొత్తం చదివి, కింద రాసిన మెసేజ్ ఆయనకు పంపి, లిఖితపూర్వకంగా జవాబు వచ్చాక అప్పుడు ఆలోచిద్దాం.

మీ కాగితంలోని ఏడు లైన్లలో ప్రభుత్వానికి వెళ్లేవి రెండే. ట్యాక్స్, ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఇన్సూరెన్స్ చట్టప్రకారం ఉండి తీరాలి గానీ అది ఆయన దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు. మిగతా నాలుగూ డీలరు వేసుకున్నవి. అంటే "ఇవన్నీ గవర్నమెంటువే" అని ఆయన మీకు చెప్పింది నిజం కాదు. సేల్స్ వాళ్లలో కొందరు తెలిసే అలా అంటారు, కొందరు తమకు నేర్పిన మాట అప్పజెబుతారు. ఏదైనా మీ జేబుకు పడే చిల్లు ఒకటే.

ఏ లైను ఎవరిదో తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక్కో లైను మీద వేలు పెట్టి, "దీనికి రసీదు ఎవరి పేరుతో వస్తుంది?" అని అడగండి. రవాణా శాఖ రసీదు వస్తుందంటే, లేదా పన్ను నంబరున్న ఇన్వాయిస్‌లో పన్నుగానే రాసి ఉంటుందంటే అది ప్రభుత్వానిది. "మా బిల్లులోనే ఉంటుంది సార్" అంటే అది ఆయనది. ఆయనది అయినంత మాత్రాన అన్యాయం అనుకోనక్కర్లేదు. డీలరు కూడా అద్దె కట్టాలి, మెకానిక్‌కు జీతమివ్వాలి. అయితే ఆయనదని తేలిన ప్రతి రూపాయీ బేరమాడదగ్గదే. నేను చెప్పాలనుకున్నదంతా ఈ చిన్న తేడా చుట్టూనే ఉంది.

మీరు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నారో రాయలేదు. ఈ శీర్షిక చదివేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు కాబట్టి ఎక్కడైనా వర్తించే పద్ధతి చెబుతూ, అవసరమైన చోట ఒక్కో దేశం నియమం ఉదాహరణగా ఇస్తాను. మీ చోట రేటు ఎంతన్నది రవాణా శాఖ వెబ్‌సైట్‌లో పది నిమిషాల్లో దొరుకుతుంది.

ట్యాక్స్ దగ్గరే అన్నిటికంటే ఎక్కువమంది తికమకపడతారు, కనుక అక్కడ కాస్త నిదానిద్దాం. పాత వాహనం మీద పన్ను వేయడానికి ప్రపంచంలో ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మీరిచ్చే మొత్తం ధర మీద పన్ను. రెండోది, డీలరు ఆ బండి మీద సంపాదించిన తేడా (మార్జిన్) మీద మాత్రమే పన్ను. డీలరు ఒక బండిని 80కి కొని మీకు 100కి అమ్మాడనుకుందాం. పన్ను 18 శాతం అనుకుంటే, మొదటి పద్ధతిలో పన్ను 18. రెండో పద్ధతిలో, తేడా 20 కాబట్టి పన్ను 3.60 మాత్రమే. ఒకే బండి, ఒకే రేటు, ఫలితంలో మాత్రం ఐదు రెట్లు తేడా.

రెండో పద్ధతి ఎందుకొచ్చిందంటే, ఆ బండి కొత్తగా ఉన్నప్పుడే మొదటి యజమాని పూర్తి పన్ను కట్టేశాడు. చేతులు మారిన ప్రతిసారీ మొత్తం ధర మీద మళ్లీ వేస్తే ఒకే వస్తువు మీద పదే పదే పన్ను వసూలు చేసినట్టవుతుంది. భారతదేశంలో అమల్లో ఉన్నది ఈ తేడా పద్ధతే. 2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం తర్వాత, 2025 జనవరి నుంచి డీలర్లు అమ్మే పాత వాహనాలన్నిటికీ 18 శాతం రేటు వచ్చింది. అప్పట్లో చాలామంది మొత్తం ధర మీద 18 శాతం పడుతుందని హడలిపోయారు. అది నిజం కాదు, డీలరు లాభం మీదే. నష్టానికి అమ్మితే పన్నే లేదు. ఆ హడావుడిని వాడుకుని మొత్తం ధర మీద 18 శాతం లెక్కగట్టి చూపించేవాళ్లు ఎదురైతే, "ఇది మార్జిన్ మీద వేసిందా, మొత్తం మీద వేసిందా?" అని అడగండి. మార్జిన్ మీదే అయితే పన్ను అంకె చిన్నగానే ఉంటుంది. కొనుగోలు సమయంలో డీలరు ఇన్‌పుట్ క్రెడిట్ (తాను కట్టిన పన్నును తన పన్ను లెక్కలో తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు గానీ, మామూలు మనిషి దగ్గర కొన్న బండికి అలాంటి క్రెడిట్ ఉండదు.

బ్రిటన్‌లో, ఐరోపా సమాఖ్య దేశాల్లో కూడా పాత వస్తువులకు మార్జిన్ పద్ధతి ఉంది. అక్కడ ఇంకో మంచి నియమం కూడా ఉంది. మార్జిన్ పద్ధతిలో అమ్మిన బండి ఇన్వాయిస్‌లో వ్యాట్‌ను విడిగా చూపించకూడదు, అది చెప్పిన ధరలోనే కలిసి ఉంటుంది. కాబట్టి అక్కడ మార్జిన్ బండి అని చెబుతూనే ధర కింద ఇంకో వ్యాట్ లైను గీశారంటే ఆ కాగితం దగ్గరే ఆగిపోవాలి.

అమెరికాలో కథ వేరు. చాలా రాష్ట్రాల్లో మొత్తం అమ్మకపు ధర మీదే సేల్స్ ట్యాక్స్. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్ రాష్ట్రాల్లో రాష్ట్రస్థాయి సేల్స్ ట్యాక్స్ లేదు. అది విని పక్క రాష్ట్రానికి వెళ్లి కొంటే పన్ను తప్పుతుందనుకునేవాళ్లున్నారు. తప్పదు. బండిని మీరు ఎక్కడ రిజిస్టర్ చేయిస్తారో ఆ రాష్ట్రం రిజిస్ట్రేషన్ వేళ తన వాటా అడుగుతుంది. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లకు అక్కడ ఒక లాభం ఉంది. టెక్సాస్ లాంటి చోట్ల ఎక్స్చేంజ్ విలువ తీసేసి మిగిలినదాని మీదే 6.25 శాతం వేస్తారు. కాలిఫోర్నియాలో అలా తీసేయరు, పూర్తి ధర మీదే వేస్తారు. మీకిది మొదటి బండి కాబట్టి ఈ సంగతి మీకు అక్కరకు రాదు, ఇతర పాఠకుల కోసం చెప్పాను.

పన్ను గురించి ఇంకో సంగతి చాలామంది గమనించరు. మొత్తం ధర మీద పన్ను వేసే చోట్ల, డీలరు వేసుకున్న డాక్యుమెంటేషన్, ప్రిపరేషన్ లాంటి చార్జీల మీద కూడా తరచుగా పన్ను పడుతుంది. అవి కూడా ధరలో భాగమే అన్నది పన్ను శాఖ చూపు. అంటే అక్కరలేని ఒక చార్జీని కొట్టేయించారంటే, దాని మీద పన్ను కూడా పోతుంది. లాభం రెండు చోట్ల వస్తుంది. అందుకే ముందు చార్జీలు తేల్చుకోవాలి, పన్ను చివర్లో లెక్క వేయించాలి. మీ కాగితంలో ట్యాక్స్ మొదటి లైనులో ఉందని రాశారు. ఏ మొత్తం మీద లెక్కగట్టారో ఆయననే కాలిక్యులేటర్ తీసి మీ ఎదురుగా చూపించమనండి.

పన్ను మాట వచ్చినప్పుడు ఒక ఎర కూడా వేయవచ్చు. "బిల్లులో ధర సగం చూపిద్దాం సార్, మీకు ట్యాక్స్ తగ్గుతుంది." దయచేసి ఒప్పుకోకండి. ఇది పన్ను ఎగవేత, సంతకం మీది. అదొక్కటే కాదు. వారం తిరక్కుండా ఇంజిన్ పాడై డబ్బు వాపసు అడగాల్సి వస్తే, మీ చేతిలో ఉన్న సాక్ష్యం ఆ సగం బిల్లే. బండి దొంగతనానికి గురైతే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఆ బిల్లు అడగొచ్చు. పైగా ప్రభుత్వాలకు ఈ ఎత్తు కొత్తేమీ కాదు. టెక్సాస్‌లో ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకమైతే, ఆ వాహనానికి లెక్కగట్టి ఉంచిన ప్రామాణిక విలువలో 80 శాతానికి తక్కువ చూపినా ఆ 80 శాతం మీదే పన్ను వసూలు చేస్తారు. ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో ధర, మార్కెట్ విలువ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద స్టాంప్ డ్యూటీ వేయడం మామూలు.

ఇక ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఇది నిజంగా ప్రభుత్వానిదే, కానీ ఆయన రాసిన అంకె ప్రభుత్వం చెప్పిన అంకే కానక్కర్లేదు. ఈ లైనులోనే డీలర్లు తమ సర్వీసు చార్జీని గుట్టుగా కలిపేస్తారు. భారతదేశంలో కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు సైకిల్ యాజమాన్య మార్పిడి ఫీజు 150 రూపాయలు. దాని పైన కార్డు ఖర్చు, రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు ఉంటాయి. అన్నీ కలిపినా డీలర్లు చెప్పే వేలకు చాలా దూరం. బ్రిటన్‌లోనైతే లాగ్‌బుక్ అనే రిజిస్ట్రేషన్ పత్రంలో కొత్త యజమాని పేరు నమోదు చేయడానికి ఫీజే లేదు. కాబట్టి రవాణా శాఖ సైటు తెరిచి అసలు అంకె చూడండి. ఆయన రాసినదాంట్లోంచి దాన్ని తీసేయండి. మిగిలింది ఆయన తిరుగుడు ఖర్చు, ఆయన శ్రమకు కూలి. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అది కూలి అని తెలిసి ఇవ్వండి.

ఇక్కడే ఒక చోటుకూ మరో చోటుకూ పెద్ద తేడా వచ్చే సంగతి ఇంకోటుంది. పాత యజమాని కట్టిన రోడ్డు ట్యాక్స్ బండితో పాటు మీకు వస్తుందా, రాదా? భారతదేశంలో ద్విచక్ర వాహనాలకు సాధారణంగా మొదట్లోనే లైఫ్ ట్యాక్స్ కట్టేస్తారు, అదే రాష్ట్రంలో ఉన్నంతకాలం అది బండితోనే ఉంటుంది. వేరే రాష్ట్రం బండి అయితే మీ రాష్ట్రంలో మళ్లీ కట్టాలి, పాత రాష్ట్రం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి. డీలరు దగ్గర వేరే రాష్ట్రం నంబరు ప్లేటున్న బండి చవగ్గా కనిపిస్తే దాని వెనుక ఈ ఖర్చు పొంచి ఉందేమో చూసుకోండి. బ్రిటన్‌లో 2014 అక్టోబర్ నుంచి ఆ పన్ను బండితో పాటు చేతులు మారదు. కొత్త యజమాని తన పేరున కట్టుకున్నాకే రోడ్డెక్కాలి. మీ చోట ఏ పద్ధతో తెలుసుకోకుండా "రోడ్డు ట్యాక్స్ ఉంది సార్" అన్న మాట నమ్మడం మంచిది కాదు.

సర్వీసింగ్ అండ్ ప్రిపరేషన్ లైను గురించి నా అనుభవం చెప్పాలి. నేను మొదటి పాత బండి కొన్నప్పుడు నా బిల్లులోనూ ఇలాంటి లైనే ఉంది. ఫుల్ సర్వీస్ చేశాం, ఆయిల్ మార్చాం, చైన్ శుభ్రం చేశాం అన్నారు. బండి షోరూమ్‌లో తళతళలాడుతోంది. అడగాలన్న ఆలోచనే రాలేదు, కట్టేశాను. ఇంటికి తెచ్చిన రెండో రోజు సీటు తీసి ఎయిర్ ఫిల్టర్ మూత విప్పితే లోపల ఎండుటాకులు, దుమ్ము ముద్ద. ఆయిల్ చూసే గాజు కన్నంలో నల్లటి తారులాంటి నూనె. చైన్ మీద పైపైన స్ప్రే కొట్టారు, లింకుల మధ్య తుప్పు అలాగే ఉంది. చేసింది పాలిష్, పుచ్చుకున్నది సర్వీస్ డబ్బు. వెళ్లి అడిగితే "మేం చేసిందంతే సార్" అన్నారు. నా దగ్గర ఏం చేశారో రాసిన కాగితం లేదు, ఏమీ అనలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ మరిచిపోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకని మీరు రెండు పనులు చేయండి. మొదటిది, ఏమేం చేశారో జాబ్ కార్డు అడగండి. ఏ ఆయిల్ పోశారు, ఏ భాగం మార్చారు, ఏ తేదీన, కిలోమీటర్లు ఎంత ఉన్నప్పుడు. నిజంగా చేసిన వర్క్‌షాప్‌లో ఆ కాగితం ఉంటుంది. రెండోది, ఫిల్టర్ మూత విప్పించి చూడండి, ఆయిల్ రంగు చూడండి, చైన్ లింకు ఒకటి చేత్తో వంచి చూడండి. ఐదు నిమిషాల పని. ఇవన్నీ చేసినా నా అభిప్రాయం ఒకటే. అమ్మకానికి పెట్టిన బండిని అమ్మకానికి తగ్గట్టు తయారుచేయడం డీలరు బాధ్యత. ఆ ఖర్చు ప్రకటించిన ధరలోనే ఉండాలి, దాని కింద ఇంకో లైనుగా రాకూడదు.

ఫ్రైట్ అండ్ హ్యాండ్లింగ్ మాటకొస్తే, ఆ లైను చూసి నాకు నిజంగా కోపమొచ్చింది. ఫ్రైట్ అనేది కొత్త బండికి సంబంధించిన చార్జీ. కొత్త బైకు చాలా చోట్ల ఫ్యాక్టరీ నుంచి పెట్టెలో వస్తుంది. లారీ బాడుగ, పెట్టె విప్పి హ్యాండిల్ బిగించి బ్యాటరీ కట్టే కూలి, అలాంటివన్నీ ఉంటాయి. మీరు చూసిన బండి ఐదేళ్లు రోడ్ల మీద తిరిగి, ఎవరో నడుపుకుంటూ వచ్చి అక్కడ పెట్టింది. దానికి పెట్టె ఎక్కడిది? కొత్త బండ్లకు వాడే బిల్లు నమూనానే పాత బండికీ వాడి ఉంటారు, లేదా అడిగేవాళ్లు లేరని పెట్టి ఉంటారు. ఏదైనా ఈ లైను మొత్తంగా కొట్టేయించండి. వేరే ఊరి బ్రాంచి నుంచి మీ కోసమే తెప్పించి ఉంటే తప్ప ఇందులో రాజీ అక్కర్లేదు.

డాక్యుమెంటేషన్ చార్జీ కాస్త గట్టి పిండం. చాలా చోట్ల ఇది బిల్లు ఫారంలో ముందే అచ్చు వేసి ఉంటుంది. అచ్చులో ఉంది కాబట్టి చట్టమేమో అనుకుంటాం. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు దీనికి గరిష్ఠ పరిమితి పెట్టాయి, కాలిఫోర్నియాలో అది 85 డాలర్లు. మరికొన్ని రాష్ట్రాలు పరిమితే పెట్టలేదు, అక్కడ వందల డాలర్లు అడుగుతారు. పరిమితి పెట్టారంటే డీలరు అంతవరకూ తీసుకోవచ్చని అర్థం, కొనేవాళ్లు కట్టి తీరాలని కాదు. "అందరికీ ఒకటే సార్, మీకొక్కరికే తీసేయలేం" అంటారు. అప్పుడు వాదించకండి. "సరే, దాన్ని అలాగే ఉంచండి, అంత మొత్తం బండి ధరలో తగ్గించండి" అనండి. ఆయన ఫారం ఆయనకు మిగులుతుంది, మీ డబ్బు మీకు మిగులుతుంది.

ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగా. థర్డ్ పార్టీ పాలసీ, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునేది, దాదాపు అన్ని చోట్లా తప్పనిసరి. కానీ డీలరు చూపిన పాలసీ మీకు అత్యంత ఖరీదైనది కావచ్చు, ఆయనకు కమీషన్ ఉంటుంది. బయట రెండు చోట్ల కొటేషన్ తీసుకుని పోల్చుకోండి. భారతదేశంలోనైతే పాత పాలసీ గడువు ఇంకా ఉంటే, బండి చేతులు మారిన 14 రోజుల్లో దాన్ని మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం ఆయనతోనే పోతుంది, అది మీకు రాదు. దాన్ని చూపించి ప్రీమియం తక్కువని చెబితే నమ్మకండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ పూర్తిగా మీ ఇష్టం. ఇంజిన్ లోపలి భాగాలకు వర్తిస్తుందా, ఏ వర్క్‌షాప్‌కైనా తీసుకెళ్లొచ్చా, మినహాయింపులేమిటి అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకపోతే వద్దనండి.

ఈఎంఐలో కలిపేస్తానన్నాడని రాశారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టిన మాట అదే. నెలకు ఎంతన్న అంకె చిన్నగా కనిపిస్తుంది, ఏడు లైన్లూ దాని వెనుక దాక్కుంటాయి. ఏడాదికి 12 శాతం వడ్డీ, మూడేళ్ల లోను అనుకుంటే, అందులో కలిపిన ప్రతి 100 చార్జీకి మీరు చివరికి దాదాపు 120 కడతారు. లేని ఫ్రైట్‌కు మూడేళ్లపాటు వడ్డీ కట్టడమన్నమాట. అందుకే లోను మాట తర్వాత, మొత్తం ధర తేలాకే. నెలసరి కంతు గురించి ఆయన ఎత్తినా "ముందు మొత్తం చెప్పండి" అని అక్కడే నిలబడండి.

ఇక మీ చివరి ప్రశ్న, ఓనరు దగ్గరే కొంటే నయమా అని. డబ్బు ఒక్కటే చూస్తే చాలాసార్లు నయమే. భారతదేశంలో మామూలు వ్యక్తి తన సొంత బండిని ఇంకో వ్యక్తికి అమ్మితే జీఎస్టీ లేదు, బ్రిటన్‌లో వ్యాట్ లేదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మాత్రం రిజిస్ట్రేషన్ వేళ పన్ను తీసుకుంటాయి. డాక్యుమెంటేషన్, ప్రిపరేషన్ లాంటివి ఎలాగూ ఉండవు. అయితే మొదటిసారి కొనేవాళ్లకు డీలరు వల్ల ఒక మేలుంది. రేపు కాగితాల్లో చిక్కొస్తే పట్టుకోవడానికి ఒక దుకాణం, ఒక రిజిస్టర్డ్ పేరు ఉంటాయి. పాత యజమాని ఫోనెత్తకపోతే మీరేం చేయగలరు? బండి మీద ఫైనాన్స్ బాకీ ఉంటే అదీ మీ మెడకు చుట్టుకుంటుంది.

అయితే ఈ మేలు దక్కాలంటే డీలరు సరైన డీలరై ఉండాలి. భారతదేశంలో 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అధీకృత పత్రం ఇచ్చే నియమాలు అమల్లోకి వచ్చాయి. యజమాని బండిని అలాంటి డీలరుకు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేశాక, ఆ బండికి బాధ్యుడు డీలరే అవుతాడు. ఆ పత్రం గోడ మీద ఉందా అని చూడండి, లేకపోతే అడగండి. ఆర్‌సీలో హైపోతికేషన్ (బండి మీద లోను ఉందన్న గుర్తు) అని ఉంటే ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన ఎన్ఓసీ, లోను ముగిసిందని చెప్పే ఫారం 35 చూపించేదాకా ముందుకెళ్లకండి. పెండింగ్ చలానాలు నంబరు కొట్టి చూసుకోవచ్చు. అవి పాత యజమాని ఖాతావి, మీ బిల్లులో లైనుగా కనిపించకూడదు.

మీరు అమెరికాలో ఉంటే ఇంకో జాగ్రత్త. అక్కడ డీలర్లు పాత కార్ల కిటికీలకు వారంటీ వివరాలతో బయ్యర్స్ గైడ్ అంటించాలని ఫెడరల్ నియమం ఉంది. మోటారు సైకిళ్లను ఆ నియమం నుంచి మినహాయించారు. కారు కొన్న స్నేహితులు చెప్పిన రక్షణలన్నీ మీ బైకుకు వర్తిస్తాయనుకోకండి.

ఇప్పుడు మీరు పంపాల్సిన మెసేజ్. ఫోన్ చేయకండి, రాసి పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండి. బండి నాకు నచ్చింది. బండి నా పేరు మీదకు మారి, నేను నడుపుకుంటూ వెళ్లేవరకు మొత్తం ఎంతవుతుందో ఒకే అంకెగా రాసి పంపండి. అందులో ప్రభుత్వ పన్ను ఎంత, అది ఏ మొత్తం మీద లెక్కగట్టారు, ప్రభుత్వ ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత, మీ చార్జీలు ఎంత అన్నది విడివిడిగా రాయండి. ఫ్రైట్, వారంటీ నాకు వద్దు. ఇన్సూరెన్స్ నేను బయట తీసుకుంటాను. సర్వీస్ జాబ్ కార్డు ఫొటో కూడా పంపండి."

ఇదే మెసేజ్ ఇంకో ఇద్దరు డీలర్లకు, అలాంటి బండ్లకే పంపండి. పోల్చాల్సింది ఆ చివరి అంకెను మాత్రమే. ప్రకటనలో తక్కువ రాసి కింద చార్జీలు పెంచేవాడు, ప్రకటనలో కాస్త ఎక్కువ రాసి కింద ఏమీ వేయనివాడు, ఈ ఇద్దరిలో రెండోవాడే చవక కావడం నేను చాలాసార్లు చూశాను. ఆస్ట్రేలియాలో వినియోగదారుల చట్టమే ఇలా ఒకే మొత్తం ధర చూపించమంటుంది. మిగతా చోట్ల మనమే అడిగి రాబట్టుకోవాలి.

జవాబు సంతృప్తిగా వచ్చాక అడ్వాన్స్ ఇవ్వండి. చిన్న మొత్తం, బ్యాంకు ద్వారా. రసీదులో బండి నంబరు, చాసిస్ నంబరు, తేల్చుకున్న మొత్తం ధర, కాగితాలు సరిగా లేకపోతే అడ్వాన్స్ తిరిగిస్తామన్న మాట ఉండాలి. చాసిస్ నంబరు ఆర్‌సీలో చూసి రాసుకోకండి. బండి ఫ్రేమ్ మీద కొట్టిన అంకెలను గుడ్డతో తుడిచి, మీ కళ్లతో చదివి, రసీదులో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిపోల్చుకోండి.

ఇంకెవరో చూసి వెళ్లారన్న మాట నిజమే కావచ్చు. మెసేజ్‌కు జవాబు రాయడానికి ఆయనకు పావుగంట చాలు. బండి అమ్ముకోవాలన్న తొందర ఆయనకూ ఉంటుంది. ఒకవేళ రాసివ్వనన్నా, ఆ లోపు బండి అమ్ముడైపోయినా, మిగతా ఇద్దరి జవాబులూ వచ్చాక ఆ కాగితాల ఫొటోలు నాకు పంపండి. లైను లైనూ కలిసి చూద్దాం.